కూలర్లు అమ్ముడుపోని మే నెలలో కొల్లేరుకి

మాది ఏలూరు. కూలర్లు అమ్ముతూ, పాడైనవి బాగుచేస్తూ చిన్న దుకాణం నడుపుతున్నాను. మామూలుగా మే నెలలో నాకు అన్నం తినే తీరిక కూడా ఉండదు. ఈసారి మాత్రం, రోళ్ళు పగలాల్సిన రోహిణీ కార్తెలో ముసురు పట్టుకుంది. కూలర్లన్నీ అట్టపెట్టెల్లోనే ఉండిపోయాయి. బడిలో సైన్సు చెప్పే నా భార్య షబానాకి సెలవులు. "ఏవండీ, పెళ్ళయ్యాక ఒక్క వేసవిలోనైనా ఎక్కడికైనా వెళ్ళామా? రేపు షట్టర్ తీయకండి, కొల్లేరు చూసొద్దాం" అంది. కాదనడానికి నాకు ఒక్క కారణమూ దొరకలేదు.

పొద్దున్న ఏడింటికి కైకలూరు బస్సెక్కాం. ఊరు దాటాక రోడ్డుకి రెండువైపులా నీళ్ళు, చేపల చెరువులు, పైన నల్లటి మబ్బు. కిటికీలోంచి చల్లగాలి కొడుతుంటే, ఈ వాతావరణానికి ఏమైందని షబానాని అడిగాను. "బంగాళాఖాతం నీళ్ళు బాగా వేడెక్కితే తేమ ఎక్కువ లేస్తుందండీ. అల్పపీడనం పడితే ఆ తేమంతా మన మీదికి వస్తుంది. పడమటి నుంచి వచ్చే పొడిగాలి దానికి తగిలితే ఉరుములూ వానలూ" అంది. భూమి వేడెక్కడం వల్లేనా అంటే, "దాని చెయ్యీ ఉండొచ్చు. కానీ ఒక్క ఏడాదిని చూసి గట్టిగా చెప్పలేం" అని నవ్వింది.

గంటన్నరలో కైకలూరులో దిగి, ఆటపాక పక్షుల కేంద్రానికి రానూ పోనూ మూడొందలకి ఆటో మాట్లాడుకున్నాం. డ్రైవరు ప్రసాదు కలుపుగోలు మనిషి. దారిలో అతనికి ఫోనొచ్చింది. విని, బండి నెమ్మది చేశాడు. "ఏమనుకోకండి సార్. మా అక్క చెరువులో చేపలు పైకి తేలుతున్నాయంటండీ. ఒక్కసారి చూసి వెళ్దామండీ" అన్నాడు. పదమన్నాం.

చెరువు గట్టు మీద అతని అక్క మంగమ్మ గారు కంగారుగా అటూ ఇటూ తిరుగుతున్నారు. నీళ్ళ మీద ఎక్కడ చూసినా చేపల నోళ్ళే, గాలి కోసం తెరుచుకుంటూ. "మూణ్ణాళ్ళ నుంచి ఎండ మొహం లేదండీ. ఎండ లేకపోతే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోద్ది. ఇప్పుడే ఏరేటరు కూడా ఆగిపోయింది. మా ఆయన మెకానిక్కు కోసం వెళ్ళారు, ఇంకా రాలేదు" అన్నారు. ఏరేటరంటే నీటిని చిలికి గాలి కలిపే చక్రాల మిషను. స్విచ్ వేస్తే మోటారు మూలుగుతోందే తప్ప తిరగడం లేదు. ఆ మూలుగు రోజూ నా దుకాణంలో వినేదే.

"కెపాసిటర్ పోయినట్టుందమ్మా. ఇలాంటి మోటారు ఇంకోటి ఉందా?" అన్నాను. షెడ్డు పక్కన నీళ్ళు తోడే మోటారు చూపించారు. అదీ అంతే పవరుది. మెయిన్ ఆపించి, ప్రసాదు బండిలోని స్క్రూడ్రైవరుతో దాని కెపాసిటర్ ఊడదీసి దీనికి బిగించాను. మెయిన్ వేయగానే చక్రాలు గిర్రున తిరిగి నీళ్ళు తెల్లగా లేచాయి. కాసేపటికి పైకి తేలిన నోళ్ళు ఒక్కొక్కటే కిందికి పోయాయి. మంగమ్మ గారు గట్టు మీద కూలబడి కళ్ళు తుడుచుకున్నారు. "భోంచేయకుండా వెళ్తే ఒట్టేనండీ" అన్నారు. శీలావతి చేపల పులుసు, మామిడికాయ పప్పు. షబానా మారు వడ్డించుకుంది. ఆమె అలా తినడం ఇంట్లో ఎప్పుడూ చూడలేదు నేను.

సాయంత్రం ఉరుములేమీ లేవని చూసుకుని ఆటపాకలో పడవెక్కాం. పక్షులు చాలావరకు వెళ్ళిపోయాయి. మిగిలిన కొన్ని గూడబాతులు, అదే పెలికాన్లు, మా పడవను లెక్కచేయకుండా ఈదుకుంటూ పోయాయి.

చల్లగా ఉందని మేం సంబరపడి బయల్దేరిన మబ్బే ఒక ఇంటి ఏడాది కష్టాన్ని ముంచబోయింది. ఇకనుంచి మే నెలలో వాన పడితే, "హమ్మయ్య" అనే ముందు ఆ చెరువు గట్టు గుర్తొస్తుంది నాకు. అయినా ఆ రోజంతటి సంతోషం మళ్ళీ ఏ వేసవిలో దొరుకుతుందో!

వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట: వేసవి వానల్లో మధ్యాహ్నం దాటాక పిడుగులెక్కువ. ఉరుము వినిపిస్తే పడవెక్కకండి, గట్టు మీదా నిలబడకండి. ఎవరింటి గడపైనా ఎక్కండి, అక్కడి వాళ్ళు పొమ్మనరు.