అవ్వ పెట్టిన గుడ్డు

మా అవ్వ చేతి అన్నం నేను చివరిసారి తిన్నది ఎనిమిదో తరగతిలో. ఆ తర్వాత ఆమె చాలా ఏళ్లు బతికింది. నేనూ చాలాసార్లు ఆమెను చూడటానికి పోయాను. కానీ నా పళ్లెంలో ఆమె ఒక్క మెతుకు వెయ్యలేదు. మా అత్తను పిలిచి పెట్టించేది. అదెందుకో చెప్పాలంటే నా ఆయాసం దగ్గర మొదలుపెట్టాలి.

ఆళ్లగడ్డలో మా నాయనది బండల అంగడి. బేతంచెర్ల నుంచి లారీల్లో వచ్చే నాపబండల్ని కోసి, పాలీషు పట్టి అమ్ముతాడు. మిషన్ మా ఇంటిని ఆనుకుని ఉన్న రేకుల షెడ్డులోనే ఉండేది. ఆ తెల్లదుమ్ము మా పరుపుల మీద, పుస్తకాల మీద, ఆఖరికి ఉప్పు డబ్బాలో కూడా ఉండేది. ఊళ్లో సగం ఇళ్ల నేలలు అద్దంలా చేసిన మనిషి, సొంత ఇంట్లో దుమ్ము మాత్రం ఆపలేకపోయాడు. ఊహ తెలిసినప్పటి నుంచి నాకు చలికాలం వస్తే ఛాతీలో పిల్లికూతలు. పడుకుంటే ఊపిరాడదు. మా నాయన తల్లి, అంటే మా అవ్వ, నన్ను తన గుండెకు ఆనించుకుని గోడకు చేరగిలబడి కూర్చునేది. అట్లాగే ఇద్దరం నిద్రపోయేవాళ్లం. మా అమ్మకంటే ఆమె పక్కలోనే నేను ఎక్కువ పెరిగాను.

నంద్యాలలో పిల్లల డాక్టరు పీల్చే మందు ఇచ్చాడు. దాంతో కొంత నయమైంది. ఎనిమిదో తరగతి మొదట్లో మళ్లీ ఎక్కువైతే, పీల్చే మందుకు తోడుగా పడుకునే ముందు వేసుకోమని ఒక చిన్న మాత్ర రాశాడు. నమిలి మింగేది, తియ్యగా ఉండేది. నెల తిరిగేసరికి పిల్లికూతలు తగ్గాయి. ఆ డాక్టరు హస్తవాసి మంచిదని మా నాయన అంగడికి వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. అది అబద్ధం కాదు. నా ఊపిరి నిజంగానే బాగుపడింది.

చెడింది వేరే. నాకు కలలు మొదలయ్యాయి. మా అమ్మ చీర కట్టుకుని, మా అమ్మ గొంతుతోనే పిలుస్తూ ఎవరో గదిలోకి వచ్చేవాళ్లు. ఆ మనిషి మా అమ్మ కాదని నాకు తెలుసు. అరుచుకుంటూ లేస్తే ఎదురుగా నిజంగా మా అమ్మే ఉండేది, అదే చీరలో. పాపం, ఆమెను గీరి, కొట్టి పంపేదాన్ని. పగలు ఇంకో రకం. చిన్న మాటకు ఏడుపు, అంతకంటే చిన్న మాటకు కోపం. ఒకరోజు బడిలో పక్కమ్మాయి నా పెన్సిలు అడక్కుండా తీసుకుందని దాని చెయ్యి కొరికాను. పళ్లు దిగాయి. కొరికాక నాకే భయమేసింది. నా లోపల ఎవరో కూర్చుని నా కోపం నాకంటే ముందు పడుతున్నట్టు ఉండేది. ఈ మాట అప్పుడు చెప్పడం చేతకాలేదు.

చెప్పేవాళ్లకు మాత్రం మా వీధిలో కొదవలేదు. వయసుకొచ్చే పిల్లలు అంతేనని ఒకరు, సెల్‌ఫోన్ చూసి చెడిందని ఒకరు, మిట్టమధ్యాహ్నం ఒంటరిగా తిరిగితే గాలి సోకిందని ఒకరు. మాత్ర మాట ఎవరికీ రాలేదు. ఎట్లా వస్తుంది? అది ఆయాసానికి ఇచ్చిన మాత్ర. ఆయాసం తగ్గించింది కూడా. మంచి చేసిన దాన్ని ఎవరు అనుమానిస్తారు?

మా అవ్వ గాలి సోకిందనే నమ్మింది. దర్గా దగ్గర గాజుల అంగడి పెట్టుకున్న ముసలి సాయిబు తాయెత్తు కడతాడని, అక్కడికి పోదామని పట్టుబట్టింది. "మంత్రాలకు చింతకాయలు రాల్తాయా మా?" అని మా నాయన ఎగతాళి చేశాడు. చేసి, మరునాడు ఆటో తెచ్చింది ఆయనే.

సాయిబు మెత్తని మనిషి. నా తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు ఏదో చదివాడు. తాయెత్తు కట్టి పథ్యం చెప్పాడు. మండలం రోజులు గుడ్డు, నీచు ముట్టకూడదు. ఇంగ్లీషు మందు కడుపులో పడకూడదు.

మా అవ్వ అడ్డుపడింది. "పిల్లకు ఆయాసం సామీ. పీల్చే మందు ల్యాకపోతే బతకదు."

ఆయన కాసేపు ఆలోచించాడు. "అది ఊపిరిలోకి పోయేది గదమ్మా, కడుపులోకి యాడ పోతాది? అది పీల్చుకోనీ. మింగేది ఆపండి."

అట్లా పీల్చే మందు ఉండిపోయింది, మాత్ర ఆగిపోయింది. ఆ ఇద్దరు ముసలివాళ్లు అక్కడ కూర్చుని ఎంత పెద్ద పరీక్ష చేశారో వాళ్లకు తెలియదు, మాకూ తెలియదు.

వారం తిరక్కముందే నేను నిద్రపోయాను. కలలు పలచబడి, ఆగిపోయాయి. ఒక పొద్దున మా వాకిట్లోకి మేక వచ్చి నాయన లుంగీ నములుతుంటే పగలబడి నవ్వాను. లోపల నుంచి మా అమ్మ పరిగెత్తుకొచ్చింది, నేను ఏడుస్తున్నాననుకుని. నవ్వుతున్నానని తెలిసి గడపలోనే కూలబడి ఆమె ఏడ్చింది. మా నాయన సాయిబుకు కొత్త గుడ్డలు పెట్టి వచ్చాడు. చింతకాయల సామెత మళ్లీ ఎత్తలేదు.

మండలం పూర్తి కావొస్తోంది. పప్పు, చారు తిని తిని నాకు నోరు చచ్చిపోయింది. "ఒక గుడ్డు పెట్టవా అవ్వా" అని ఆమె కొంగు పట్టుకుని తిరిగాను. "ఇంగ రెండు దినాలు ఓర్చుకో అమ్మీ" అంటూనే, ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఒక గుడ్డు ఉడకబెట్టి, ఉప్పూ కారం అద్ది, వేడన్నంలో కలిపి ముద్దలు పెట్టింది. ఎంత రుచిగా ఉందో ఇప్పుడు కూడా చెప్పగలను. పెంకులు కొంగులో మూటగట్టుకుని పోయి దూరంగా పారేసి వచ్చింది.

పథ్యం ముగిసింది. దర్గాలో చక్కెర చదివించి వీధంతా పంచాం. ఆ రోజే మా నాయన అలమరలో నుంచి మాత్రల అట్ట తీశాడు. "చలి వస్తాంది, ఇంగ ఆపేదానికి ల్యాదు" అని తన చేత్తోనే నాకు ఇచ్చాడు. ప్రేమతోనే ఇచ్చాడు.

వారంలోపు అన్నీ తిరిగొచ్చాయి, వడ్డీతో సహా. ఈసారి మెలకువలో కూడా మా అమ్మను చూస్తే అనుమానం. అన్నం పళ్లెం విసిరేశాను. బడి మానేశాను. మా నాయన సాయిబు దగ్గరికి పోతే, పథ్యం ఎక్కడైనా తప్పిందేమో కనుక్కోమన్నాడు. నాయన ఇంటికొచ్చి అడిగాడు. ఎవరూ పెదవి విప్పకపోతే అది అక్కడితో పోయేది. మా అవ్వ దాచలేకపోయింది. నా అవస్థ చూసి అప్పటికే సగం చచ్చి ఉంది.

"నేనే అప్పా. గుడ్డు పెడితిని. పిల్ల అడిగితే మనసు ఆగల్యా."

మా నాయన అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. "నా బిడ్డ నోట్లో మన్ను గొడ్తివి గద మా! నువ్వు ఈడుంటే దీనికి బాగుగాదు." రెండు రోజుల్లో సంజామల నుంచి మా మేనత్త వచ్చి అవ్వను తీసుకుపోయింది. బస్సెక్కేటప్పుడు అవ్వ నన్ను ముట్టుకోలేదు. దూరంగా నిలబడి మెటికలు విరిచింది. నన్ను పట్టుకున్నదేదో తన చేతి నుంచే వచ్చిందని ఆమె నమ్మకం.

అవ్వ పోయినంత మాత్రాన నాకు బాగయిందా? గోరుచుట్టు మీద రోకటిపోటులా, ఆనుకుని పడుకునే మనిషి కూడా లేకుండా పోయింది. ఒకరోజు మా అమ్మ నాకు జడ వేస్తుంటే, చాలా మామూలుగా అడిగాను. "మా, నేను ల్యాకపోతే మీకందరికీ బాగుంటాది గదా?" ఏడుస్తూ అడగలేదు, కోపంగా అడగలేదు. అందుకే ఆమెకు దువ్వెన ఆడలేదు. సగం జడతోనే నన్ను నంద్యాలకు తీసుకుపోయింది. మా నాయన అంగడి మూసి వెంట వచ్చాడు.

మొదటి డాక్టరు ఊళ్లో లేడు. అదే వీధిలో మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ ఉంటే అక్కడ కూర్చోబెట్టారు. ఆమె నన్ను తొందరపెట్టకుండా అంతా విన్నది. తర్వాత మా అమ్మ వైపు తిరిగింది.

"ఈ లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయి? మధ్యలో ఎప్పుడైనా తగ్గాయా?"

"తగ్గె మేడం. తాయెత్తు కట్టినప్పుడు బాగానే ఉండె."

"అప్పుడు ఏమైనా మందులు ఆపారా?"

మా అమ్మ పథ్యం సంగతి చెప్పింది. డాక్టరమ్మ మాత్రల అట్ట అడిగి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది. ఈ మాత్ర ఎంతోమంది పిల్లలకు మేలే చేస్తుందని, కొందరికి మాత్రం నిద్రనీ మనసునీ ఇట్లా చెడగొడుతుందని, మొదలుపెట్టేటప్పుడే ఆ మాట ఇంట్లోవాళ్లకు చెప్పి ఉండాల్సిందని అన్నది. తనకు తెలిసిన ఊపిరితిత్తుల డాక్టరుతో ఫోన్లో మాట్లాడి మాత్ర మాన్పించి, పీల్చే మందే మార్పించింది. "మీ అంతట మీరు ఏదీ ఆపొద్దు, ఏదీ మొదలుపెట్టొద్దు. పిల్లను కొన్నాళ్లు ఒంటరిగా వదలొద్దు" అని చెప్పి, వారం వారం రమ్మన్నది.

దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొరిగినట్టు, మాకు అప్పుడు తెలిసింది. నాకు నెమ్మదిగా నయమైంది. బస్సులో తిరిగొస్తుంటే మా అమ్మ మెల్లగా అన్నది. "అయితే మీ అమ్మ పెట్టిన గుడ్డుతో ఏం గాల్యా. పోయి చెప్పి పిల్చుకరా." మా నాయన కిటికీలో నుంచి బయటికి చూస్తూ, "పోతాలే" అన్నాడు.

ఆ వారమే పోయాడు కూడా. ఒక్కడే వచ్చాడు. "రాదంట. ఆడనే బాగుండాదంట" అన్నాడు. అవ్వకు కోపం పోలేదనుకున్నాం. కోపం ఉండటంలో తప్పులేదనీ అనుకున్నాం. తర్వాత నేను సంజామలకు పోయినప్పుడల్లా ఆమె నాకు దూరంగా కూర్చునేది, అన్నం అత్తతో పెట్టించేది. అదీ అలకే అనుకున్నాను. చదువైపోయి నంద్యాలలో బడిపంతులమ్మగా చేరేదాకా అట్లాగే అనుకున్నాను.

ఆమెకు కాళ్లు పడిపోయాయని తెలిసి ఒక ఆదివారం పోయాను. అత్త చేనికి పోయి ఉంది. నేను సరదాగానే అన్నాను. "ఇంగ ఎన్నాళ్లు అలుగుతావ్? ఈ పొద్దు నువ్వే కలిపి ముద్ద పెట్టు."

"వద్దమ్మీ. నా చెయ్యి నీకు అచ్చిరాదు. ఆ గుడ్డు పెట్టి నిన్ను యాడికి తెస్తినో నాకు తెల్సు."

నాకు మొదట అర్థం కాలేదు. అసలు సంగతి ఆమెకు ఇన్నేళ్లూ తెలియదని తర్వాత తట్టింది. "అవ్వా, అది నీ గుడ్డు గాదు. ఆయాసం మాత్ర. అది ఆపితే బాగయితి, మళ్లీ ఏస్తే పిచ్చిదాన్నయితి. డాక్టరే చెప్పె."

"మాత్రనా?"

"మాత్రే."

మళ్లీ చెప్పమన్నది. చెప్పాను. ఆ ముడతల మొహం అంతా విచ్చుకుంది. రెండు చేతులూ చాపి నన్ను దగ్గరికి లాక్కుంది. "నేను గాదా అమ్మీ, నేను గాదా" అంటూ నా తల, వీపు, చేతులు తడిమింది. అంత సంతోషం ఆమెలో చూసి నేను ఏడుస్తున్నాను. అంతలో ఆమె అడిగింది.

"మీ నాయనకు ఎప్పుడు తెల్సె?"

ఆ సంతోషంలో నాకు ముందూ వెనకా తోచలేదు. "అప్పుడే అవ్వా. నన్ను నంద్యాలకు తీస్కపోయిన దినమే."

ఆమె చేతులు నా వీపు మీద ఆగిపోయాయి.

"అప్పుడు వచ్చె గదమ్మీ. ఈ గడపలోనే కూసునె. ఏమన్నా చెప్పేదుండాదా అప్పా అని నేనే అడిగితి. ఏం ల్యాదు మా, ఊరికే వస్తి అనె. కాఫీ తాగి పాయె."

నన్ను వదిలి గోడ వైపు తిరిగి పడుకుంది. అత్త వచ్చి అన్నం పెట్టేదాకా నేను అక్కడే కూర్చున్నాను. అవ్వ తినలేదు. ఇన్నేళ్లు తన చేతిని తాను తిట్టుకుని బతికింది, అది ఆమెకు అలవాటైపోయింది. కొడుకును తిట్టుకోవడం ఆ వయసులో ఎట్లా నేర్చుకుంటుంది?

తర్వాత మా నాయన చూడటానికి పోయినప్పుడు నేనూ వెంట పోయాను. ఆ సంగతి అడుగుతుందనుకున్నాను. ఆమె వానల గురించి అడిగింది, అంగడి గురించి అడిగింది. "అన్నం తినిపో అప్పా" అన్నది. ఆయన తిన్నాడు.

చలికాలంలో ఆమె పోయింది. మా నాయన ఆమె కాళ్ల దగ్గర కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పలకరించడానికి వచ్చిన వాళ్లందరికీ ఒకటే చెప్పాడు. "నేను తిట్టి పంపితి గానీ, మా అమ్మ నన్ను ఒక్క మాట అనల్యా. ఒక్కనాడు గూడా అనల్యా." అందరూ అవునవునన్నారు. నేను ఆయన పక్కనే నిలబడి ఉన్నాను.