ఈగలు తినే మొక్కకు చిటికెడు యూరియా

ఎనిమిదో తరగతిలో నేను భయపడనిదంటూ లేదు. బల్లికి, కోతికి, చివరికి హాజరు పిలిచినప్పుడు లేచి నిలబడడానికి కూడా. అలాంటి నా చేతిలో మా సైన్స్ మేడం పురుగులు తినే మొక్కను పెట్టారు. ఈవిడకు ఇంకెవరూ దొరకలేదా అని కోపం కూడా వచ్చింది.

మా బడి కోరుట్లలో. జగిత్యాలలో సైన్స్ ప్రదర్శన ఐదు రోజుల్లో ఉంది. మా బడి తరఫున వెళ్లేది ఆ ఒక్క కుండీ, దాని గురించి చెప్పేది నేను. అంతలో వాళ్లమ్మకు బాగాలేదని సిరిసిల్ల నుంచి ఫోన్ వస్తే, మేడం బయలుదేరుతూ కుండీని నాకు అప్పగించారు.

"బేటా, వాన నీళ్లే పొయ్యాలె. తిండేం పెట్టకు. దాని తిండి గదే తెచ్చుకుంటది," అన్నారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడినా మాతో మా మాటే మాట్లాడేవారు.

మేడిపల్లిలో మా ఇంటికి చేరేదాకా బస్సులో కుండీని ఒళ్లో పెట్టుకోలేదు, కాళ్ల దగ్గరే ఉంచాను. చూస్తే అరచేతిలో పట్టేంత మొక్క. గడ్డి కూడా సరిగా మొలవని మొరం నేలలో, వాన నీరు ఊరే చోట మేడానికి దొరికింది. ఆకుల నిండా ఎర్రటి వెంట్రుకలు, ఒక్కో వెంట్రుక కొసన మెరిసే జిగురు బొట్టు.

ఆ సాయంత్రం ఒక చిన్న ఈగ దాని మీద వాలి అతుక్కుపోయింది. వెంట్రుకలు మెల్లమెల్లగా దాని మీదికి వంగాయి. ఈగ కాళ్లు కొట్టుకుంటుంటే నేను నా కాళ్లు మంచం మీదికి లాక్కున్నాను. రెండు రోజులకు రెక్కలూ పెంకూ తప్ప ఏమీ మిగలలేదు. నా మంచాన్ని అవతలి గోడకు జరుపుకున్నాను.

అప్పుడు నాకొక తెలివి పుట్టింది. ఆకలేస్తేనే కదా తినేది, కడుపు నిండితే ఎవరి జోలికీ రాదు. మా ఇంట్లో వరికైనా, మక్కజొన్నకైనా, అమ్మ పెట్టిన మల్లెకైనా వేసేది ఒకటే. బస్తాలోంచి చిటికెడు యూరియా తెచ్చి మొక్క మొదట్లో వేశాను.

ఆదివారం తెల్లారేసరికి జిగురు బొట్లు ఆరిపోయాయి. సిగ్గు లేకుండా సంతోషించాను. మధ్యాహ్నానికి ఆకుల అంచులు నల్లబడ్డాయి. పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్న బాపును అడిగాను.

"బాపు, కుండీల మొక్క వాడిపోతున్నది. ఏం జెయ్యాలె?"

"బలం సాలుతలేదు గావచ్చు. ఇంకింత యూరియా ఎయ్యి," అన్నాడు. అది ఏ మొక్కో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఇంకింత వేశాను. పొద్దుగూకేసరికి మొక్క మట్టికి అంటుకుపోయింది.

మర్నాడు కోరుట్ల బస్సులో మేక తిన్నదని చెబుదామా, కుండీ కింద పడ్డదని చెబుదామా అని దారి పొడుగునా అబద్ధాలు వెతుక్కున్నాను. సిరిసిల్ల నుంచి తిరిగొచ్చిన మేడం స్టాఫ్ రూం గుమ్మంలో కనబడేసరికి ఒక్కటీ నోటికి రాలేదు. నిజం చెప్పి ఏడ్చాను.

మేడం కుండీ అందుకుని మొక్క మొదట్లో మట్టిని వేలితో కదిపారు. "ఎందుకేసినవ్?"

"భయమైంది మేడం. కడుపు నిండితే పురుగులను పట్టదనుకున్న."

"గా మొరంల ఏం బలముంటది బేటా? నేల పెట్టకపోతేనే గది ఆకులకు జిగురు తెచ్చుకున్నది. లేకుంట బతుకుడు నేర్చుకున్నదానికి నువ్వు ఒక్కసారే ఇంత పెడితివి. ఏర్లు మాడినయ్." కుండీని మళ్లీ నా చేతిలో పెట్టారు. "గీ కుండీనే జగిత్యాలకు తీస్కపోదాం. జరిగింది జరిగినట్టు చెప్పు."

తిట్టినా బాగుండేది. జగిత్యాల ప్రదర్శనలో మిగతా పిల్లల బల్లల మీద లైట్లు వెలుగుతున్నాయి, చక్రాలు తిరుగుతున్నాయి. నా బల్ల మీద చచ్చిన మొక్క. ఒక మూడో తరగతి పిల్ల వచ్చి కుండీ అంచు మీద వేళ్లు పెట్టి, నేను చెప్పిందంతా నోరు తెరుచుకుని విన్నది. జిగురు గురించి, వంగే వెంట్రుకల గురించి, ఈగ గురించి. ఏ మాత్రం భయపడలేదు.

"మరి గిదెట్ల సచ్చిపోయింది అక్కా?"

"నేనే సంపిన. తిండి పెట్టి."

ఆ పిల్ల కుండీ మీంచి చేతులు తీసి, నన్నే చూస్తూ రెండడుగులు వెనక్కి జరిగింది.