టికిరి దగ్గర ఆగిన పాట

మా స్కూలు సంగీతం టీచరమ్మ రాయగడలో పోయారు. ఆవిడ అద్దెకున్న ఇంటి యజమాని పొద్దున్నే ఫోన్ చేశాడు. "మాస్టారూ, నిన్న సందేళ దాకా పిల్లలకి పాట సెప్పేరండి. తెల్లారి తలుపు తియ్యలేదు. ఆరి తమ్ముడికి కబురెట్టేను. మీరూ రండి" అన్నాడు.

కోరాపుట్‌లో రైలెక్కి కూర్చున్నాక సెల్‌ఫోన్ చూశాను. మా ఫ్యాక్టరీ కాలనీ వాట్సాప్ గ్రూపులో ఆ వార్త అప్పటికే ఉంది. నీళ్ళ ట్యాంకు కడిగే నోటీసు పైన, ఎవరి మనవరాలిదో పుట్టినరోజు కేకు కింద. దానికి జోడించిన చేతుల బొమ్మలు బారులు తీరాయి. అన్నీ ఒకే రకం చేతులు. వాటి మధ్య అప్పటి మా హెడ్మాస్టరు పెట్టిన పెద్ద సంతాపం. "కటక్‌లో ఆమె అజాగ్రత్త వల్ల జరిగిన విషాదాన్ని కూడా మనం పెద్ద మనసుతో మరిచిపోయి, ఆమె కళను గౌరవించాం" అని అందులో ఒక వాక్యం. ఆ వాక్యానికి మరికొన్ని చేతులు.

నేను జీవితమంతా చరిత్ర చదివాను, చెప్పాను. చచ్చిన రాజుల మీద, వాళ్ళని చంపించినవాళ్ళే రాయించిన పొగడ్తలు కూడా చదివాను. అవి ఇంతకంటే మర్యాదగా ఉంటాయి. తను బతికుండగా కటక్ సంగతి రాయొద్దని టీచరమ్మ నా దగ్గర మాట తీసుకున్నారు. మాట నిలబెట్టుకున్నాను. ఇప్పుడిక ఆ అడ్డం లేదు.

ఆవిడది రామనగుడ దగ్గర పల్లె. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి పొలాలు చేసుకున్న కుటుంబం. పాడితే ప్రతి అక్షరం గుండ్రంగా పలికేది. పాట ఆపి మాట్లాడితే పొలం గట్టు మీద నిలబడి మాట్లాడినట్టే ఉండేది. అది హెడ్మాస్టరుగారి చెవికి గుచ్చుకునేది. "స్టాఫ్ రూములోనైనా మంచి తెలుగు మాట్లాడండి" అన్నారొకసారి.

"ఉన్న మంచి తెలుగంతా పాటలో పోసీసేను సార్. మాటకి మిగల్లేదు" అన్నారు టీచరమ్మ.

రూమంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. ఆ నవ్వును ఆయన ఎంతకాలం దాచుకున్నారో తర్వాత తెలిసింది.

చలికాలంలో ఆవిడ పెద్ద తపేలాతో ఉప్పునీళ్ళు కాచి పిల్లలందరి చేతా పుక్కిలి పట్టించేవారు. పోటీలు దగ్గరికొస్తే చింతకాయ నిషేధం. ఆడపిల్లలు గౌను జేబుల్లో దాచుకునేవారు. "అమ్మీ, జేబు ఎందుకలా ఉబ్బింది? తియ్యి. సగం నాకెట్టు, పోటీ అయినాక తిందుము" అని, నిజంగానే సగం విరిచి కొంగున ముడేసుకునేవారు. ఆవిడ హార్మోనియంలో ఒక మెట్టు పలికేది కాదు. దాన్ని బాగుచేయించమంటే స్కూలు డబ్బివ్వలేదు. దాని మీంచి వేలు ఎలా దాటించేవారో కానీ, వినేవాళ్ళకి లోటు తెలిసేది కాదు.

ఆవిడ పద్ధతుల్లో అన్నిటికంటే ముఖ్యమైనది స్టేషన్ల పాట. పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్ళినా తలలు లెక్కపెట్టేవారు కాదు. మా కాలనీ పిల్లలకి తెలిసిన రైలు దారి ఒక్కటే, కోరాపుట్ నుంచి రాయగడ. ఆ దారిలో ఒక్కో స్టేషను పేరు ఒక్కో బిడ్డకిచ్చి, చిన్న వరస కట్టారు. స్టేషన్లు చాలక పార్వతీపురం మీదుగా బొబ్బిలి దాకా సాగదీశారు. మొదటి బిడ్డ "కోరాపుట్" అని పాడితే, రెండో బిడ్డ అందుకోవాలి. ముందు స్టేషను పలక్కుండా తర్వాతి స్టేషను పలక్కూడదు. పలకని చోట బండి ఆగిపోవాలి. అదీ నియమం.

"తల లెక్కెట్టుకుంటే పోదా అమ్మా?" అని నేనే అడిగాను.

"అందరూ కలిసి పాడితే ఒక గొంతు లేకపోనా తెలీదు మాస్టారూ. మిగతావోళ్ళు కప్పీస్తారు. ఒక్కొక్కర్నీ అడగాల" అన్నారు.

రాష్ట్రం మొత్తం మీద జరిగే బృందగానం పోటీకి మా పిల్లలు ఎంపికయ్యారు. పోటీ కటక్‌లో. పిల్లలతో వెళ్ళిన పెద్దలం ముగ్గురం: హెడ్మాస్టరు, టీచరమ్మ, నేను. కోరాపుట్ స్టేషనుకి లమ్తపుట్ నుంచి ఒక తల్లి వచ్చింది. ఆమె కూతురు మా కాలనీ హాస్టల్లో ఉండి చదివేది. ఇంట్లో కొండ ఊళ్ళ దేశియా భాష మాట్లాడే పిల్ల, తెలుగు పాటతోపాటే నేర్చుకుంది. గొంతు చిన్నది, కానీ శ్రుతిలో అంగుళం తప్పేది కాదు. స్టేషన్ల పాటలో ఆ పిల్ల టికిరి. అందరూ అదే పేరుతో పిలిచేవారు. తల్లి ఉడికించిన దుంపల మూట పిల్లకిచ్చి, పిల్ల చేతిని పట్టుకెళ్ళి టీచరమ్మ చేతిలో పెట్టింది. హెడ్మాస్టరు పక్కనే ఉన్నారు. ఆయన చేతిలో పెట్టలేదు.

ఆ దారంతా సొరంగాలు. చీకటి కమ్మగానే పిల్లలు గొంతులు పెంచి పాడారు. లక్ష్మీపూర్ రోడ్ స్టేషనులో బండి ఆగితే, ఆ పేరున్న కుర్రాడి మీద పడ్డారు.

"ఒరే లక్ష్మీపూర్ రోడ్, నీ ఊరొచ్చింది. దిగిపో" అంది టికిరి.

"నాను దిగిపోతే నువ్వెలా పాడతావే? నా తరవాతే నువ్వు."

"నువ్వు లేకపోనా పాడీగల్ను."

"పాడకూడదు. టీచర్, సెప్పండి దీనికి."

"పాడకూడదమ్మీ" అన్నారు టీచరమ్మ, దుంప తొక్క తీస్తూ. "ఒకరి కోసం అందరూ ఆగాలిసిందే."

కటక్ నాకు ఇష్టమైన ఊరు. నది ఒడ్డు పొడుగునా వందల ఏళ్ళ కిందట పేర్చిన రాతి కట్ట, దాని వెనక ఊరు. పిల్లలకి కోట కందకం చూపించాను, వెండి తీగెలు అల్లే దుకాణాల ముందు నిలబెట్టాను, సైకిల్ మీద కుండ పెట్టుకొచ్చే మనిషి దగ్గర పెరుగు గారెలు, ఆలూదమ్ తినిపించాను. పోటీలో రెండో బహుమతి వచ్చింది. పిల్లలు ఎగిరారు. ఒక కప్పు ఇచ్చారు. దాన్ని హెడ్మాస్టరుగారు ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

మర్నాడు టిఫిన్ దగ్గర ఆయన అన్నారు, "మేనేజిమెంటు వాళ్ళకి చూపించడానికి నది మెట్ల మీద కప్పుతో ఒక గ్రూప్ ఫోటో తీయించాలి."

"రాళ్ళు పాకుడట్టి ఉన్నాయి సార్. నిన్న సూసేను. పైనించి నీళ్ళు వదిలితే నది ఒక్కపాలి లేస్తాదని ఇక్కడోళ్ళు సెప్పేరు. కట్ట మీదే తియ్యండి" అన్నారు టీచరమ్మ.

"కట్ట మీద తీస్తే నది కనపడదు."

"ఐతే నానొచ్చిందాకా ఆగండి."

"ఒక్క ఫోటోకి మీ అనుమతి కావాలా టీచరమ్మా? మీరెళ్ళి సర్టిఫికెట్లు తీసుకురండి. అది మీ పని."

ఈ మాటలు నా ఎదురుగా జరిగాయి. నా చేతిలో ఇడ్లీ ముక్క ఉంది. ఆ పొద్దున ఒక కుర్రాడికి జ్వరం తగిలితే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమని ఆయన నన్ను పంపించారు. టీచరమ్మ నిర్వాహకుల ఆఫీసుకి వెళ్ళారు. తక్కిన పిల్లల్ని ఆయన నదికి తీసుకెళ్ళారు.

మమ్మల్ని రైలు స్టేషనుకి తీసుకెళ్ళే బస్సు దగ్గరికి నేనూ టీచరమ్మా దాదాపు ఒకేసారి చేరాం. హెడ్మాస్టరుగారు ముందు సీట్లో కూర్చున్నారు. కప్పు ఒళ్ళో ఉంది. "అందరూ వచ్చేశారు, ఎక్కండి. నేను ఒడ్డునే అడిగాను" అన్నారు. అడిగిన మాట నిజం. "అందరూ వచ్చారా?" అని ఆయన అడిగితే, పిల్లలు "వచ్చేం సార్" అన్నారట, ఒక్క గొంతుతో. బృందగానం పిల్లలు కదా, అలా అనడమే వాళ్ళకి నేర్పించాం.

టీచరమ్మ బస్సు మెట్టు మీద నిలబడి, ఎప్పట్లాగే శ్రుతి ఇచ్చారు. కోరాపుట్ పలికింది. ఒక్కో స్టేషనూ దాటి కాకిరిగుమ్మ పలికింది. లక్ష్మీపూర్ రోడ్ పలికింది. ఆ తర్వాత ఏమీ లేదు.

పిల్లలు కిసుక్కుమన్నారు, టికిరి నిద్రపోతోందనుకుని. టీచరమ్మ మళ్ళీ శ్రుతి ఇచ్చారు. లక్ష్మీపూర్ రోడ్ కుర్రాడు ఈసారి గట్టిగా పాడి, వెనక్కి తిరిగి చూశాడు. పాడబోయి నోరు తెరిచిన తర్వాతి పిల్ల అలాగే ఉండిపోయింది. టీచరమ్మ చేతిలోని సర్టిఫికెట్ల కట్ట మెట్ల మీద పడింది. ఆవిడ నది వైపు పరుగెత్తారు. చెప్పులు బస్సు దగ్గరే ఉన్నాయి.

మర్నాడు పడవ వాళ్ళు తీశారు. దాని గురించి ఇంతకంటే రాయను. హెడ్మాస్టరుగారు పిల్లల్నీ కప్పునీ తీసుకుని రైల్లో వెళ్ళిపోయారు. టికిరిని వ్యానులో మేమిద్దరం ఇంటికి తెచ్చాం. టీచరమ్మకి కొట్పాడ్ నేతది, ఎర్ర అంచు దుప్పటి ఒకటుండేది, చలికి కప్పుకునేవారు. దాన్ని పిల్లకి కప్పారు. లమ్తపుట్‌లో దానితోనే మట్టి చేశారు. ఆ తర్వాత ఎంత చలేసినా ఆవిడ ఒంటి మీద మరో దుప్పటి నేను చూడలేదు.

మేనేజిమెంటు వాళ్ళ విచారణ ఫ్యాక్టరీ గెస్ట్ హౌసులో, జీడిపప్పు ప్లేట్ల మధ్య జరిగింది. పిల్లల్ని వరసగా నిలబెట్టి "టీచరుగారే కదా మిమ్మల్ని నదికి వెళ్ళమన్నది?" అని అడిగారు. పిల్లలు హెడ్మాస్టరు మొహం చూసి, ఒక్క గొంతుతో జవాబు చెప్పారు. టిఫిన్ దగ్గర విన్నది నేను చెప్పాను. "మీరు ఒడ్డున లేరు కదా?" అన్నారు.

"లేను. ఆవిడా లేరు. ఉన్నది ఆయనొక్కరే" అన్నాను.

అది ఎవరూ రాసుకోలేదు. టీచరమ్మని తీసేశారు. నన్ను హైస్కూలు నుంచి అయిదో తరగతికి దించారు. ఆయన శాలువా కప్పించుకుని రిటైరయ్యారు. కప్పు స్కూలు అద్దాల బీరువాలో ఇప్పటికీ ఉంది. ఫోటో మాత్రం ఎవరికీ కనపడలేదు. పెద్ద మనసు అంటే ఏమిటో ఆయన సంతాపం చదివాక తెలిసింది.

పేపరుకి రాస్తానని నేను రాయగడ వెళ్ళాను. అప్పటికి ఆవిడ రైలు పట్టాల పక్కన ఒక గది తీసుకుని పాటలు చెప్పుకుంటున్నారు. హార్మోనియం అదే, పలకని మెట్టూ అదే.

"వద్దు మాస్టారూ" అన్నారు. "ఆళ్ళమ్మ పిల్ల సెయ్యి నా సేతిలో ఎట్టింది. ఆయన సేతిలో కాదు."

"తప్పు ఆయనది కదమ్మా?"

"అవును. అదామెకి సెప్తాను, ఏటవుతాది? ఆమె కోపం ఎక్కడికెల్తాది? ఆయన గేటు దాకా రానిస్తారేటి? కూర్చోబెట్టి తిట్లు తింటారేటి? నా తలుపైతే తీసుంటాది. నానున్నన్నాళ్ళూ రాయకండి."

నాకు ఒళ్ళు మండింది. ఇప్పటికీ మండుతూనే ఉంది. అన్యాయానికి అంత నెమ్మదిగా చోటివ్వడం మంచితనమని నేను ఒప్పుకోను. కానీ తర్వాత జరిగింది చూశాను కాబట్టి రాస్తున్నాను. ఏటా ఆవిడ లమ్తపుట్ వెళ్ళేవారు. మొదటిసారి ఆ తల్లి ఇంట్లోకి రానివ్వలేదు, పెరట్లోంచి శాపనార్థాలు పెట్టింది. టీచరమ్మ చివరి బస్సు దాకా గుమ్మం బయటే కూర్చుని వచ్చారు. రెండోసారీ అంతే. ఆ మరుసటేడు తల్లి తిట్టి, తిట్టి, చెంబుతో నీళ్ళిచ్చింది. తర్వాత అంబలి. తర్వాత ఆమే రాయగడ రావడం మొదలుపెట్టింది. వచ్చి ఏడ్చేది, కోపమొస్తే అరిచేది, పడుకుని, పొద్దున్నే వెళ్ళేది.

అంత్యక్రియలకి ఆమె వచ్చింది. నడుం వంగిపోయింది. అప్పటి పిల్లలు కొందరు వచ్చారు, ఇప్పుడు వాళ్ళకే పిల్లలున్నారు. లక్ష్మీపూర్ రోడ్ కుర్రాడికి జుట్టు నెరిసింది. పాట ఎవరూ ఎత్తుకోలేదు. ఎత్తుకుంటే ఎక్కడ ఆగాలో అందరికీ తెలుసు.

తిరుగు రైల్లో ఆ తల్లీ నేనూ ఒకే పెట్టెలో కూర్చున్నాం. నేనిక ఆగలేకపోయాను. నదికి తీసుకెళ్ళింది ఎవరో, ఫోటో ఎందుకో, మొత్తం చెప్పాను. ఆయన ఇల్లెక్కడో కూడా చెప్పాను.

ఆమె కిటికీలోంచి చూస్తూ విన్నది. ఆమె మాట సగం దేశియా, సగం సంతలో నేర్చిన తెలుగు. "తెలుసు బాబూ" అంది. "పిల్లలు అప్పుడే సెప్పేరు."

"మరి ఆవిడ్ని ఎందుకు తిట్టేవమ్మా ఇన్నేళ్ళు?"

"ఆయన రాలేదు. ఈమే వచ్చింది." కిటికీ వదిలి నా వైపు తిరిగి, "ఇప్పుడు ఎవుల్ని తిట్టాల?" అంది.

నేను ఇంతకాలం మోసుకొచ్చిన నిజం ఆమె దగ్గర నాకంటే ముందే ఉంది. ఆమెకి కావలసింది అది కాదు. ఈ వ్యాసం హెడ్మాస్టరుగారు చదువుతారు, నాకు తెలుసు. ఆమె ప్రశ్న ఆయనకే వదిలేస్తున్నాను.

సొరంగం దాటి బండి నెమ్మదించి, ఒక చిన్న స్టేషనులో ఆగింది. ఆమెకి చదువు రాదు. అయినా బోర్డు వైపు చూపించి, "ఇదేనా?" అని అడిగింది.

"ఇదే" అన్నాను.

ఆమె లేచి, సీట్లు పట్టుకుంటూ నడిచి తలుపు దగ్గర నిలబడింది. ప్లాట్‌ఫాం మీద ఎవరూ లేరు. బండి కదిలింది. ఆమె ఊచ పట్టుకుని అలాగే నిలబడి, బోర్డు కనపడినంత దూరం వెనక్కి చూస్తూ ఉంది.