చెప్పకుండా వచ్చేసిన ఇల్లు

వైట్ టౌన్‌లో సముద్రానికి కాస్త ఇవతల ఒక గెస్ట్‌హౌస్‌లో గదులు ఊడ్చి పక్కలు వేయడం సౌభాగ్యం పని. ఆమె పెళ్ళి చేసుకోలేదు. ముదలియార్‌పేటలో అన్న కట్టిన రెండు గదుల ఇంట్లో, అన్న పోయాక కూడా వదినతోనే ఉండిపోయింది. వదిన పట్టమ్మాళ్ ఆ ఇంటికి కోడలుగా వచ్చేనాటికి సౌభాగ్యానికి పాలపళ్ళు కూడా ఊడలేదు. జడ వేసిందీ, బడికి పంపిందీ, జ్వరమొస్తే ఒళ్ళో పడుకోబెట్టుకున్నదీ ఆమే. ఎవరైనా "మీ అమ్మా?" అని అడిగితే సౌభాగ్యం కాదనేది కాదు.

ఆ వదినకి మతి తప్పడం మొదలైంది. మొదట కూరలో ఉప్పు రెండుసార్లు వేసేది. తర్వాత, పోయిన మొగుడికి కంచం పెట్టి ఎదురుచూస్తూ కూర్చునేది. ఆ తర్వాత బజార్లో దారి తప్పింది. పనికి పోయేటప్పుడు బయట తాళం వేయక తప్పలేదు సౌభాగ్యానికి. ఒకనాడు తిరిగొచ్చేసరికి వదిన కిటికీ ఊచల్లోంచి చెయ్యి చాపి, వీధిన పోయేవాళ్ళని "యాడికి పోతారు, నన్నూ తీసకపోండి" అని పిలుస్తోంది. లోపల స్టవ్ మండుతోంది. చీర కొంగు ఒక మూల నల్లగా మాడి ఉంది.

అప్పుడు వృద్ధాశ్రమాల వేట మొదలైంది. ఒక చోట అడ్వాన్సు ఎంతో విని, ఇచ్చిన మంచినీళ్ళు కూడా తాగకుండా లేచొచ్చింది. ఇంకో చోట డబ్బు తక్కువే. కానీ తడిసి, ఆరి, మళ్ళీ తడిసిన పక్కల వాసన. దుప్పటి అంచు ఎత్తి చూడటం ఆమెకి అలవాటు. రెడ్డియార్‌పాళయంలో చూసిన చోట దుప్పట్లు పల్చబడ్డాయి గానీ ఉతికినవి. సరే ఇక్కడే అనుకుంది. నెలనెలా కట్టడానికి తన జీతం చాలదు. అందుకని వదిన గది అద్దెకిచ్చింది. యానాం నుంచి నర్సింగ్ చదవడానికి వచ్చిన పల్లవి అందులో దిగింది. వదిన గదే వదినని బయట ఉంచడానికి డబ్బు కడుతోందన్న మాటని సౌభాగ్యం మనసులో కూడా చివరిదాకా అనుకోలేకపోయేది.

చేర్పించిన రోజు మేనేజరు చెంగల్రాయన్ ఆమెని పక్కకి పిలిచి తమిళంలో మెల్లగా చెప్పాడు.

"చెప్పి పోతే కొంగు పట్టుకుని వదలరమ్మా. భోజనానికి కూర్చోబెడతాం, ఆ సందులో జారుకో. అందరికీ ఇదే చెప్తాం."

పట్టమ్మాళ్ సాంబారన్నం కలుపుకుంటూ ఉండగా సౌభాగ్యం గేటు దాటింది. బస్సెక్కి కూర్చున్నాక తను చేసిందేమిటో తెలిసింది. సౌభాగ్యం వాళ్ళలో పక్కింటికి పోయినా 'పోయొస్తా' అని చెప్పే లేస్తారు. చెప్పకుండా, వెనక్కి చూడకుండా లేచి వచ్చేది ఒక్క చావింటి నుంచే. ఆ పద్ధతి నేర్పింది వదినే. దిగి వెనక్కి పోదామనుకుంది. కానీ గెస్ట్‌హౌస్‌కి మధ్యాహ్నం కొత్తవాళ్ళు వస్తారు, పక్కలు వేయాలి. కూర్చునే ఉండిపోయింది.

ఒక పొద్దున పల్లవి అడిగింది: "పిన్నిగారూ, నేను స్నానానికెళ్ళినప్పుడు మీరు నా మంచం మీద కూర్చున్నారాండీ? ఎవరో కూర్చుని లేచినట్టు దుప్పటి నలిగుంది."

"నేనేలే" అని అబద్ధమాడింది సౌభాగ్యం. వెళ్ళి ఆ నలిగినచోట అరచేత్తో సాపు చేసింది. అది వెచ్చగా ఉంది.

ఆ వారంలోనే చెంగల్రాయన్ ఫోన్ చేశాడు. "పాట్టి, అదే మీ వదిన, తినడం లేదమ్మా. తను చచ్చిపోయిందట. చచ్చినవాళ్ళకి అన్నమెందుకంటోంది. మా ఆయా భయపడి ఆ గదిలోకే పోవడం లేదు. వచ్చి తినిపించు. లేదంటే తీసుకుపో, మేం ఉంచుకోలేం."

తీసుకుపోతే మళ్ళీ ఆ తాళమే, ఆ కిటికీయే.

సౌభాగ్యం వెళ్ళేసరికి పట్టమ్మాళ్ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. పెదాలు ఎండి పొరలు లేచాయి. పక్కన కంచంలో అన్నం బిరుసెక్కింది. ఆడబిడ్డని చూసి ఆమె ఏడవలేదు. జాలిపడింది.

"అయ్యో, నువ్వు కూడా వచ్చేసినావా మే? ఎప్పుడు పోయినావు?"

"ఏంది వదినా ఆ మాటలు! నేను బతికే ఉండా. నువ్వూ బతికే ఉండావు."

"పో మే, పిచ్చిదానా. బతికుంటే చెప్పకుండా పోతారా ఎవురైనా? నేను తలెత్తేలోపల చావింట్లోంచి లేచినట్టు లేచి పోయినారు. అప్పుడే తెలిసిపోయె నాకు."

సౌభాగ్యం ఆమె చెయ్యి తీసి తన చెంపకి ఆనించుకుంది. "చూడు, వెచ్చగా లేదా?"

"ఎండలో వచ్చినావు, అంతే."

ముద్ద కలిపి నోటిదగ్గర పెడితే పళ్ళు బిగించింది. గుమ్మంలో చెంగల్రాయన్ తల అడ్డంగా ఊపాడు. సౌభాగ్యం ముద్ద కంచంలో పెట్టేసి, వదిన పక్కనే గోడకి ఆనుకుని కూర్చుంది.

"మొన్ననే పోయినా వదినా."

"నొప్పి తెలిసిందా?"

"తెలీలా. బస్సులో ఉండా."

"నయం. మరి ఇల్లు?"

"ఒక పిల్ల ఉండాది. దీపం పెడతాది."

"సరి."

"వదినా, పోయినోళ్ళకి పెట్టిన కూడు కాకి ముట్టకపోతే ఇంట్లోవాళ్ళు ఎంత ఏడుస్తారో నువ్వు చూళ్ళా?"

పట్టమ్మాళ్ ఆలోచించింది. "ఆమా, నిజమే. మీ అన్నకి పెట్టిన దినం యాడ పోయెనో ఆ కాకి, ఎంత పిలిచినా రాకపాయె. నేను ఎండలో నిలబడే ఉండా."

"మరి నువ్వు ముట్టకపోతే కూడు పెట్టిన వీళ్ళు అట్లనే నిలబడాల కదా?"

"నువ్వు తిను ముందు."

సౌభాగ్యం ఆ బిరుసన్నం నోట్లో పెట్టుకుని నమిలింది. గొంతు దిగడానికి చాలాసేపు పట్టింది. అది దిగిందాకా చూసి, అప్పుడు పట్టమ్మాళ్ నోరు తెరిచింది.

లేచేటప్పుడు 'పోయొస్తా' అన్న మాట సౌభాగ్యం నాలుక మీదికి వచ్చింది. ఆ మాట చెప్పాల్సింది బతికున్నవాళ్ళు. ఊరికే లేచింది. పట్టమ్మాళ్ వేళ్ళు నాక్కుంటూ తలెత్తలేదు.

"ఏం చెప్పి తినిపించావమ్మా? ఆయాకి కూడా నేర్పు" అన్నాడు చెంగల్రాయన్ గేటు దగ్గర.

"సౌభాగ్యం పెట్టమంది అని నా పేరు చెప్పి పెట్టమనండి. తింటాది."

ఇంటికి చేరేసరికి పల్లవి తలుపు తీసింది. సౌభాగ్యం లోపలికి రాలేదు. వాకిట్లోనే నిలబడి, బకెట్టు నీళ్ళు తెచ్చిపెట్టమంది.

"అదేంటండీ పిన్నిగారూ, ఎవరైనా పోయారా?"

సౌభాగ్యం బకెట్టు దగ్గరికి లాక్కుంది. చెంబు ముంచి, కట్టుకున్న చీరతోనే నెత్తిన పోసుకుంది.