మా బావ పడవలోంచి ఎవరూ పడలేదు

మాటలు కోటలు దాటుతాయి గానీ కాలు గడప దాటదని మా అమ్మ తన అల్లుణ్ణి, అంటే మా బావను, దెప్పేది. అది అన్యాయం. కాలు కూడా దాటుతుంది. కొండనదిలో రాళ్ల మధ్య తెడ్డు వేయడంలో అతన్ని మించినవాడు లేడు. ఆ సంగతి మనం అనేలోపే తనే అనేస్తాడు, అదే బాధ.

మా పని చేపలవేట యాత్రలు. దారిలేని చోట్లకి పట్నం మనుషుల్ని రబ్బరు పడవల్లో తీసుకెళ్లి, మూడు రోజులు గాలం వేయించి, చేపతో ఫొటో తీసి, ఆ చేపను మళ్లీ నీళ్లలో వదిలించి తీసుకొస్తాం. ముందు పడవ బావది. వెనక గుడారాలు, గిన్నెలు మోసే పడవ నాది. పదకొండేళ్లుగా అతని వీపు చూస్తూ తెడ్డేస్తున్నాను.

ఆఫీసంటే ఒకే గది. మేకులకు లైఫ్ జాకెట్లు, మూలన గాలిపంపు, ఎప్పుడూ పంక్చర్ జిగురు వాసన. తలుపు పక్కన నల్లబల్ల మీద బావ పేరు, దాని కింద సుద్దతో ‘పడినవారు: లేరు’. ఇరవై రెండేళ్లుగా అదే మాట. ఒక్కరు పడినా ముందు పడవ నాకిస్తానని మేనేజరు మాటిచ్చాడు. ప్రతి మలుపులోనూ నేను మనసులో ఏం కోరుకునేవాణ్ణో చెప్పాలంటే సిగ్గుగా ఉంది. కోరుకోవడం మాత్రం మానలేదు.

పోయిన సీజన్లో ఒక రిటైర్డ్ ఆఫీసరు భార్యతో వచ్చాడు. ఆయనకు చేపతో ఫొటో కావాలి. ఆవిడకేం కావాలో ఎవరూ అడగలేదు. పడవ కదలగానే బావ తన ఇరవై రెండేళ్ల చరిత్ర అందుకున్నాడు. ఆఫీసరు తన ముప్పై నాలుగేళ్ల సర్వీసు విప్పాడు. ఒకరు ఊపిరి తీసుకుంటే రెండోవారు దూరిపోయేవారు. మొదటి రెండు రోజుల్లో ఆవిడ నోట నేను విన్నది ‘ఊఁ’ ఒక్కటే.

మూడో రోజు ఇరుకు మలుపులో ముందు పడవ రాయికి రాసుకుని ఎగిరింది. వెనక అంచున కూర్చున్న ఆవిడ నీళ్లలో పడింది. నా రెండు కళ్లతో చూశాను. ‘అమ్మగారు పడిపోయారు’ అనాలి. పదకొండేళ్ల కోరిక ఒక్కసారిగా తీరేసరికి మర్యాద మర్చిపోయాను.

"పడింది బావా, పడింది!" అని అరిచాను.

బావ వెనక్కి తిరగలేదు. చేప పడిందనుకున్నాడు. ఆఫీసరు ఆత్రంగా గాలం కర్ర ఎత్తబోయాడు.

"తొందరొద్దు సార్. కాసేపు ఆడనివ్వండి, అలిసిపోతుంది. అప్పుడు లాగుదాం," అన్నాడు బావ.

పెద్దదేనా అని ఆఫీసరు అడిగాడు. ఆవిడ నీళ్లలోంచి అంతా విన్నది.

లైఫ్ జాకెట్ పుణ్యమా అని మునగలేదు. నా తెడ్డు పట్టుకుని పైకొచ్చి గిన్నెల మూట పక్కన కూర్చుంది. ఈ పడవలో మాట్లాడేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగింది. గిన్నెలేనండీ అన్నాను. అయితే ఇక్కడే ఉంటానంది. ముందు పడవలో చోటు ఖాళీ అయిందని వాళ్లు గమనించింది రెండు మలుపుల తర్వాత.

ఆఫీసులో మేనేజరు తడిగుడ్డతో నల్లబల్ల దగ్గరికెళ్లాడు. అమ్మగారు పడ్డారట కదా అని అడిగాడు. బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. చూస్తే జాలేసింది, ఆ జాలి నాకు అసలు గిట్టలేదు. నేను నోరు తెరిచేలోపు ఆవిడే అందుకుంది.

"నేను పడలేదండీ. దూకాను."

"దూకారా? ఎందుకమ్మా?"

"వీళ్లిద్దరి మాటలు వినలేక."

మేనేజరు గుడ్డ పక్కన పెట్టి సుద్ద తీసుకున్నాడు. పాత వరుస చెరపకుండా దాని కింద ‘దూకినవారు: ఒకరు’ అని రాశాడు.

ముందు పడవ ఇప్పటికీ బావదే. వచ్చిన ప్రతివాళ్లూ ఆ బల్ల చదివి, ఎందుకు దూకారని అడుగుతారు. బావ తెడ్డు భుజాన వేసుకుని, మాట్లాడకుండా వెళ్లి పడవెక్కుతాడు.