దొరసాని పిన్ను

మా ముత్తాతగారు గోదావరి జిల్లాలో జమీందారు. కలెక్టరు దొర పర్యటనకు వస్తే మా దివాణంలోనే బస. తాతగారు జిల్లా బోర్డు అధ్యక్షులు. నాన్నగారు బ్యాంకులో గుమాస్తాగా రిటైరయ్యారు. అయినా నలిగిన చొక్కాతో ఆయన వీధి గడప దాటగా నేను చూడలేదు. నేను మెల్‌బోర్న్ శివారు క్రెయిగీబర్న్‌లో ఉంటున్నాను. దివాణం నుంచి నాదాకా వచ్చింది ఒక్క పిన్ను.

నల్ల ఎనామిల్ చుట్టూ సన్నముత్యాలు, మధ్యలో అద్దం, అద్దం కింద గోధుమరంగు అల్లిక. కలెక్టరు దొరసాని దేశం వదిలి వెళ్తూ మా ముత్తవ్వగారికి తన చేతులతో ఇచ్చిందనీ, ఆ అల్లిక సీమ పట్టనీ ఇంట్లో చెప్పేవారు. మా ఆడపిల్లలూ కోడళ్ళూ పెళ్ళిపీటల మీద దాన్ని ఎడమ భుజాన పెట్టుకోవడం ఆచారం. మా అమ్మాయి పెళ్ళి కుదిరినప్పుడు నేను కోరింది అదొక్కటే.

కొక్కెం వదులైతే అమ్మాయితో కలిసి ఒక పాత నగల దుకాణానికి తీసుకెళ్ళాను. దుకాణం నడిపే పెద్దావిడ భూతద్దం పెట్టి చూసి, ఇది పట్టు కాదు, జుట్టు అంది. విక్టోరియా రాణి కాలంలో ఇంట్లో ఎవరైనా పోతే వాళ్ళ జుట్టు ఇలా అల్లించి, నల్లబట్టల మీద పెట్టుకునేవారట. ముత్యాలు కన్నీళ్ళకు గుర్తట. వెంట్రుకలు ఇంత సన్నగా ఉన్నాయంటే చిన్నపిల్లల జుట్టే కావచ్చంది. ఆ వెంటనే, "అమ్ముతారా?" అని అడిగింది.

నాకు అనుమానం వచ్చింది. చావు మాట చెబితే బెదిరి వదిలించుకుంటామని ఆమె ఎత్తు. "జుట్టు తీసేసి ఇస్తే?" అన్నాను, మొహం ఎలా మారుతుందో చూద్దామని. అలాగైతే తనకు అక్కర్లేదంది. ఇంకో దుకాణానికి వెళ్ళాను. అక్కడా అదే మాట. ఇద్దరూ ఫోన్‌లో మాట్లాడుకున్నారేమో అనుకున్నాను.

ఇంట్లో మా ఆవిడ ఊరుకోలేదు.

"అంటే నా పెళ్ళిలో నా భుజం మీదున్నది ఎవరో పోయినవాళ్ళ జుట్టా అండీ?"

"పెట్టుకున్నావుగా. ఏమైంది?"

"ఏమైందో ఇన్నేళ్ళుగా చూస్తూనే ఉన్నాగా," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అమ్మాయి పిన్నును అరచేతిలో పెట్టుకుని కూర్చుంది.

"హెయిర్ నాకు ప్రాబ్లం కాదు నాన్నా. బట్ ఇట్స్ సమ్‌వన్స్ బేబీ. ఏ అమ్మయినా దీన్ని గిఫ్ట్‌గా ఇస్తుందా?"

"మన ఇంటి మీద గౌరవంతో ఇచ్చింది."

"ఆర్ యూ షూర్?"

దొరలు పోయినా, ఊరు మారినా వాళ్ళ సామాను వేలం వేసేవారనీ, ముత్తాతగారికి వేలాలంటే మహా సరదా అనీ నాకు తెలుసు. ఆ మాట పైకి అనలేదు.

నాయనమ్మ గుర్తొచ్చింది. పెళ్ళిళ్ళలో పిన్నును పెట్టెలోంచి తీసేది ఆవిడే. చేత్తో తాకేది కాదు, కొంగుతో పట్టుకునేది. విలువైన వస్తువని అలా చేస్తోందనుకునేవాణ్ణి. కానీ మళ్ళీ పెట్టెలో పెట్టాక పెరట్లోకి వెళ్ళి కాళ్ళూ చేతులూ కడుక్కునేది. అదే పెట్టెలోంచి కాసులపేరు తీసినప్పుడు కడుక్కునేది కాదు. అంటే మైల వస్తువని ఆవిడకు తెలుసు. తెలిసీ మా అమ్మ భుజానికి, మా ఆవిడ భుజానికి ఎందుకు పెట్టనిచ్చింది? మా ఇంటికి ఏ దొరసానీ ఏమీ ఇవ్వలేదని ఒప్పుకోవడం కన్నా, మైలే తేలికనిపించిందేమో.

"నేను పెట్టుకోను నాన్నా," అంది అమ్మాయి. "జుట్టు మాత్రం తీయించొద్దు, ప్లీజ్."

పెళ్ళికి ముందు శనివారం పిన్నును మొదటి దుకాణంలోనే, జుట్టుతో సహా అమ్మేశాం.