నిలువు ఫోటోలో పట్టని మనిషి

అల్లూరులో నాది చిన్న ఫోటో స్టూడియో. పాస్‌పోర్టు సైజు ఫోటోలు, పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు. నా చేతికి అలవాటైన పని ఒకటే: మనిషి వరకు కత్తిరించడం, వెనక తెల్లగా చేయడం, అదే ఫైలు మీద సేవ్ కొట్టడం. కెమెరా కార్డు ఖాళీ చేస్తే గాని మర్నాటి పెళ్ళి పట్టదు. ఇన్నేళ్ళలో కత్తిరించక ముందు ఫోటో కావాలని ఒక్కరూ అడగలేదు. అడుగుతారని నాకూ తోచలేదు.

కెమెరా పట్టినవాడికి ఏదో ఒకరోజు తాను కళాకారుణ్ణేమోనన్న అనుమానం వస్తుంది. నాకు నలభై దాటాక వచ్చింది. సముద్రతీరపు జీవితం మీద ఫోటోలు పంపమని ఒక పత్రికలో ప్రకటన చూసి, ఆదివారం పొద్దున్నే బండేసుకుని ఒడ్డుకు పోయాను. పడవ పక్కన ఒకామె చేపల గంప దింపుకొని నిలబడి ఉంది. భర్త ఆమె భుజం మీద చెయ్యేసి ఏదో అన్నాడు. ఇద్దరూ పకపకా నవ్వారు. సరిగ్గా అప్పుడే నొక్కాను.

"మాకూ ఒకటి ఇయ్యన్నా," అన్నాడతను.

"ఇస్తాలే," అన్నాను. ఆ మాట నా నోటికి ఎప్పుడూ తేలికే.

ఇంటికొచ్చి పత్రికవాళ్ళ నిబంధనలు చదివితే పెళ్ళివారి గొంతెమ్మ కోరికలే నయమనిపించింది. ఫోటో నిలువుగా ఉండాలట. పొడవు ఇంత, వెడల్పు ఇంత. ఫైలు పేరు వాళ్ళు చెప్పినట్టే పెట్టాలి. వ్యాపార ప్రకటనలు ఎక్కడా కనబడకూడదు. నా ఫోటో చూస్తే అడ్డంగా ఉంది, పైగా అతని టీషర్టు మీద రొయ్యల మేత కంపెనీ పేరు ఇంత లావున ఉంది. అతణ్ణి కోసేస్తే రెండు తలనొప్పులూ ఒకేసారి తీరతాయి. కోసేశాను. ఆమె భుజం మీద నాలుగు వేళ్ళు మిగిలాయి. గంటసేపు కూర్చుని వాటిని ఒక్కొక్కటే చీర రంగుతో కప్పేశాను. నిజం చెప్పాలి, చీర మడతలతో సహా కుదిరిందని మురిసిపోయాను. ఆ తర్వాత చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. సేవ్ కొట్టి, కార్డు ఖాళీ చేసింది.

ఫోటో అచ్చయింది. పేజీ నిండా ఆమె ఒక్కతే నవ్వుతోంది. కింద 'ఒంటరి నవ్వు' అని ఎవరో పేరు కూడా పెట్టారు. నాకు అప్పుడు అది గొప్పగానే అనిపించింది. వచ్చినవాళ్ళందరికీ చూపించాను. వాళ్ళిద్దరికి మాత్రం చూపించలేదు. నాలుగు నెలలైనా ఒడ్డు దాకా పోవడానికి నాకు తీరిక దొరకలేదు.

చివరికి ఆమే స్టూడియో వెతుక్కుంటూ వచ్చింది. బొట్టు లేదు.

"మా ఆయన పోయి నెల అయిందన్నా. గుండె ఆగిపోయింది. ఆ పొద్దు నువ్వు తీసినావే, ఇద్దరం నవ్వతా ఉండేది, అది పెద్దది చేసి ఇయ్యి. ఫోన్‌లో ఉండేటియి ఉప్పునీళ్ళల్లో పడి పోయినాయి. ఆధార్ కార్డులో బొమ్మ ఆయన మాదిరే లేదు," అంది.

బల్ల మీదున్న పత్రికను సొరుగులోకి తోసేశాను. లేదని తెలిసీ కంప్యూటర్‌లో ఒక్కొక్క ఫోల్డరే తెరిచాను. కోసేశానమ్మా, పత్రికలో పడాలన్న ఆశతో నీ మొగుణ్ణి నేనే చెరిపేశాను అని చెప్పాల్సింది. తిట్టేది, శాపనార్థాలు పెట్టేది. పడాల్సినవాణ్ణే. చెప్పలేకపోయాను. ఇప్పటికీ నాకు నిద్ర పట్టనివ్వనిది ఫోటో పోవడం కాదు, ఆ పిరికితనం.

"కంప్యూటర్ చెడిపోయిందమ్మా. పాత ఫోటోలన్నీ పోయినాయి," అన్నాను.

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని లేచింది. గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగింది.

"అన్నీ పోయినాయా? ఎందరి పెళ్ళిళ్ళు ఉండినాయో అందులో. నువ్వెట్ట తట్టుకున్నావో ఏమో పాపం," అంది.